టవర్ల మధ్య దూరం ఎంత? వైర్‌లెస్‌ ప్రసంగంలో ఇంజినీరింగ్‌ విద్యార్థి అడగవలసిన ప్రశ్న

దేశంలోని ఇంజినీరింగ్‌ కళాశాలల్లో వైర్‌లెస్‌ కమ్యూనికేషన్లపై నిపుణుల ప్రసంగాలు ఇప్పుడు సర్వసాధారణమయ్యాయి. ఎలక్ట్రానిక్స్‌ అండ్‌ కమ్యూనికేషన్‌ విభాగం పరిశ్రమ నుంచో, ఏదైనా పరిశోధన సంస్థ నుంచో ఒక నిపుణుడిని ఆహ్వానిస్తుంది. సెమినార్‌ హాలు నిండుతుంది. 5జీ, 6జీ, కృత్రిమ మేధ, ఉపగ్రహ ఇంటర్నెట్‌ వంటి అంశాలపై తెరమీద చిత్రాలు ఒకదాని వెంట ఒకటి కదులుతాయి. శాలువా, జ్ఞాపిక, వందన సమర్పణతో కార్యక్రమం ముగుస్తుంది.

ఆ రెండు గంటల తరువాత విద్యార్థి వద్ద ఏం మిగులుతుందన్నదే అసలు ప్రశ్న. పాఠ్యపుస్తకంలోని సూత్రాలు అతనికి అప్పటికే తెలుసు. రాబోయే సాంకేతికతల పేర్లు వార్తల్లో వింటూనే ఉంటాడు. ఈ రెండింటి మధ్య ఉన్న సంబంధాన్ని చూపగలిగినప్పుడే నిపుణుడి ప్రసంగానికి సార్థకత చేకూరుతుంది. ఒక సూత్రంలోని ఒక రాశి మారితే ఏ ఊరికి సిగ్నల్‌ అందుతుందో, ఏ ఊరికి అందదో తెలియజెప్పే ఉదాహరణ అందుకు అవసరం. అటువంటి ఉదాహరణ భారతదేశపు 5జీ చరిత్రలోనే ఉంది. దానిని 1,732, 6,000 అనే రెండు సంఖ్యలతో మొదలుపెట్టవచ్చు.

రెండు సంఖ్యల కథ

కొత్త తరం మొబైల్‌ సాంకేతికతకు ప్రపంచ స్థాయి గుర్తింపునిచ్చేది ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థ అయిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్‌ యూనియన్‌ (ఐటీయూ). 5జీగా గుర్తింపు కోరే ప్రతి సాంకేతికతను ఎలా పరీక్షించాలో వివరిస్తూ ఆ సంస్థ 2017లో మార్గదర్శకాలను వెలువరించింది. అందులో నగరం, భవనాల లోపలి ప్రాంతం, గ్రామీణ ప్రాంతం వంటి నమూనా పరిసరాలు ఉన్నాయి. గ్రామీణ నమూనాలో టవర్ల మధ్య దూరాన్ని 1,732 మీటర్లుగా తీసుకున్నారు. వినియోగదారుల్లో సగం మంది గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వాహనాల్లో ప్రయాణిస్తున్నట్లు భావించారు.

భారతీయ గ్రామం ఈ చిత్రానికి సరిపోదు. ఇక్కడ ఎక్కువ మంది ఇంట్లోనో, పొలం గట్టునో, కాలినడకనో ఫోను వాడతారు. రెండు కిలోమీటర్లకు ఒక టవర్‌ నిలబెట్టడం ఆర్థికంగా గిట్టుబాటు కాదు. భారత్‌నెట్‌ పథకం కింద ఆప్టికల్‌ ఫైబర్‌ను గ్రామ పంచాయతీ కేంద్రం వరకు తీసుకువెళ్లడం లక్ష్యం. అక్కడి నుంచి చుట్టుపక్కల ఆవాసాలకు, గూడేలకు, తండాలకు సిగ్నల్‌ గాలిలోనే చేరాలి. ఈ వాస్తవాన్ని భారత్‌ అంతర్జాతీయ వేదికపై వినిపించింది. ఫలితంగా గ్రామీణ పరీక్షలో మరో నమూనా చేరింది. టవర్ల మధ్య దూరం 6,000 మీటర్లు, పౌనఃపున్యం 700 మెగాహెర్ట్జ్‌, వినియోగదారుల కదలిక తక్కువ అన్నది దాని సారాంశం. తక్కువ కదలిక, పెద్ద సెల్‌ అనే అర్థంలో దీనిని సాంకేతిక పరిభాషలో ‘ఎల్‌ఎంఎల్‌సీ’ అంటారు.

ఈ తేడా ఎంత పెద్దదో విద్యార్థి కాగితంపైనే లెక్క వేయవచ్చు. టవర్లను క్రమపద్ధతిలో అమర్చితే ఒక్కో టవర్‌ ఒక షడ్భుజాకార ప్రాంతానికి సేవలందిస్తుంది. టవర్ల మధ్య దూరం 1,732 మీటర్లయితే ఆ షడ్భుజి కేంద్రం నుంచి మూల వరకు సరిగ్గా ఒక కిలోమీటరు ఉంటుంది. వైశాల్యం సుమారు 2.6 చదరపు కిలోమీటర్లు. అదే దూరం 6,000 మీటర్లయితే వైశాల్యం సుమారు 31 చదరపు కిలోమీటర్లకు పెరుగుతుంది. అంటే అంతే ప్రాంతానికి 12 టవర్లకు బదులు ఒక్కటి సరిపోతుంది. స్థలం, ఉక్కు, విద్యుత్తు, బ్యాటరీలు, ఫైబర్‌ అన్నింటి ఖర్చూ ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. ఒక మారుమూల ప్రాంతానికి సేవలు అందించవచ్చా, లేదా అన్న నిర్ణయం తరచుగా ఈ లెక్క మీదే ఆధారపడుతుంది.

దూరానికి చెల్లించే మూల్యం

టవర్లు తగ్గితే సిగ్నల్‌ మరింత దూరం ప్రయాణించాలి. షడ్భుజి మూలన ఉన్న వినియోగదారుడికి టవర్‌ దూరం సుమారు మూడున్నర రెట్లు పెరుగుతుంది. ఏ అడ్డూ లేని శూన్యంలో దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ నియమం ప్రకారం ఇక్కడ శక్తి 12వ వంతుకు తగ్గుతుంది. నేలమీద పరిస్థితి ఇంకా కఠినం. నేరుగా వచ్చిన తరంగం, నేలను తాకి వచ్చిన తరంగం ఒకదానినొకటి చాలావరకు రద్దు చేసుకోవడం వల్ల చాలా దూరంలో శక్తి దూరపు నాలుగో ఘాతాన్ని అనుసరించి క్షీణిస్తుంది. ఆ లెక్కన అందే శక్తి 144వ వంతుకు దిగజారుతుంది. చెట్లు, గుట్టలు, ఇంటి గోడలు కలిగించే నష్టం దీనికి అదనం.

పౌనఃపున్యం పాత్ర కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఒకే రకమైన యాంటెనాలు వాడినప్పుడు 700 మెగాహెర్ట్జ్‌తో పోలిస్తే 3.5 గిగాహెర్ట్జ్‌ వద్ద అందే శక్తి 25 రెట్లు తక్కువగా ఉంటుంది. 26 గిగాహెర్ట్జ్‌ వద్ద ఈ తేడా వెయ్యి రెట్లు దాటుతుంది. 2022 జులై, ఆగస్టుల్లో జరిగిన స్పెక్ట్రమ్‌ వేలంలో ఈ మూడు శ్రేణులకు చెందిన తరంగాలనూ ప్రభుత్వం అమ్మకానికి పెట్టింది. ఎక్కువ పౌనఃపున్యాల వద్ద విశాలమైన బ్యాండ్‌విడ్త్‌ దొరుకుతుంది కాబట్టి వేగం పెరుగుతుంది. కానీ అవి ఎక్కువ దూరం పోలేవు. తక్కువ పౌనఃపున్యాలు దూరం పోతాయి; కానీ అక్కడ స్పెక్ట్రమ్‌ ఇరుకు. అందుకే గ్రామీణ నమూనాకు 700 మెగాహెర్ట్జ్‌ను ఎంచుకున్నారు.

షానన్‌ గీసిన హద్దు

శక్తి 144వ వంతుకు పడిపోతే ఇంటర్నెట్‌ వేగం కూడా అంతే పడిపోతుందా? ఈ ప్రశ్నకు జవాబు 1948లో అమెరికా గణిత శాస్త్రవేత్త క్లాడ్‌ షానన్‌ వెలువరించిన సిద్ధాంతంలో ఉంది. ఒక మార్గం గుండా దోషరహితంగా పంపగల సమాచారానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుందని ఆయన నిరూపించారు. ఆ పరిమితి బ్యాండ్‌విడ్త్‌కు అనులోమంగా, సిగ్నల్‌కు రొదకు మధ్య నిష్పత్తికి సంవర్గమాన రూపంలో మారుతుంది. ఈ సూత్రం ప్రతి ఇంజినీరింగ్‌ విద్యార్థికీ కంఠస్థమే. సంఖ్యలు పెట్టి చూసేవారు తక్కువ.

20 మెగాహెర్ట్జ్‌ బ్యాండ్‌విడ్త్‌లో, రొద కంటే సిగ్నల్‌ వెయ్యి రెట్లు బలంగా ఉంటే గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 200 మెగాబిట్లు. టవర్‌ శక్తిని రెట్టింపు చేస్తే అది 219 మెగాబిట్లకు మాత్రమే చేరుతుంది. శక్తి 100 శాతం పెరిగినా వేగం పదో వంతే పెరిగింది. ఇప్పుడు అదే సిగ్నల్‌ 144వ వంతుకు తగ్గిందనుకుంటే వేగం సుమారు 60 మెగాబిట్ల వద్ద నిలుస్తుంది. శక్తి భారీగా పడిపోయినా వేగంలో దాదాపు మూడో వంతు మిగిలింది. ఆ సెల్‌లోని వారందరూ దీనిని పంచుకోవలసి ఉన్నా, పల్లెలో పెద్ద సెల్‌ సాధ్యమేనన్న ఆశకు ఆధారం ఇదే. సంవర్గమాన ఫలం తరగతి గదిలో ఒక గణిత చిహ్నం మాత్రమే. క్షేత్రంలో అది టవర్ల సంఖ్యను నిర్ణయిస్తుంది.

ఫోను గొంతు చిన్నది

అయితే ఇది సగం కథ మాత్రమే. టవర్‌ నుంచి ఫోనుకు వచ్చే దారి ఒకటైతే, ఫోను నుంచి టవర్‌కు వెళ్లే దారి మరొకటి. టవర్‌ సాధారణంగా పదుల వాట్ల శక్తితో ప్రసారం చేస్తుంది. ఫోను గరిష్ఠ శక్తి సాధారణంగా 200 మిల్లీవాట్లు, అంటే వాటులో ఐదో వంతు. టవర్‌ శక్తిని 40 వాట్లుగా తీసుకుంటే ఈ రెండింటి మధ్య తేడా 200 రెట్లు. టవర్‌ మాట ఫోనుకు వినిపిస్తుంది; ఫోను మాట టవర్‌కు వినిపించదు. తెరమీద సిగ్నల్‌ గీతలు కనిపిస్తున్నా కాల్‌ కలవకపోవడానికి, వీడియో పాఠం వస్తున్నా విద్యార్థి గొంతు అవతలికి చేరకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

పై ఉదాహరణనే కొనసాగిస్తే, 60 మెగాబిట్ల వేగంతో సమాచారం అందుకుంటున్న వినియోగదారుడు అదే బ్యాండ్‌విడ్త్‌లో తిరిగి పంపగల వేగం సుమారు ఒక మెగాబిట్‌కు పరిమితమవుతుంది. ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. ఫోను శక్తిని 200 మిల్లీవాట్ల నుంచి 400కు పెంచగలిగితే ఈ వేగం కూడా దాదాపు రెట్టింపై 1.9 మెగాబిట్లకు చేరుతుంది. సిగ్నల్‌ బలంగా ఉన్నచోట రెట్టింపు శక్తి పదో వంతు లాభాన్నే ఇచ్చింది. సిగ్నల్‌ బలహీనంగా ఉన్నచోట అదే రెట్టింపు శక్తి వేగాన్ని కూడా దాదాపు రెట్టింపు చేసింది. సూత్రం మారలేదు. దానిలో నిలుచున్న చోటు మారింది. నగరానికి అవసరం లేని ఒక మెరుగుదల పల్లెకు ఎందుకు ప్రాణాధారమో ఈ చిన్న లెక్క వివరిస్తుంది.

మరి ఫోను శక్తిని పెంచడం ఎలా? 4జీ, 5జీలలో సమాచారాన్ని అనేక సన్నని ఉపవాహకాలపై ఏకకాలంలో పంపుతారు. వాటి తరంగాలు అప్పుడప్పుడు ఒకేసారి శిఖరానికి చేరి పెద్ద ఉప్పెనలా మారతాయి. ఆ ఉప్పెనకు తట్టుకునేలా ఫోనులోని యాంప్లిఫయర్‌ తన సామర్థ్యం కంటే తక్కువ స్థాయిలో పనిచేయవలసి వస్తుంది. ఎత్తుపల్లాలు తక్కువగా ఉండే తరంగ రూపాన్ని వాడితే ఆ వెనకడుగు అవసరం ఉండదు. ‘పై బై టూ బీపీఎస్‌కే’ అనే మాడ్యులేషన్‌కు తగిన తరంగ వడపోతను జోడించి ఈ ఫలితాన్ని సాధించే పద్ధతిని భారతీయ పరిశోధకులు ముందుకు తెచ్చారు. ఐఐటీ హైదరాబాద్‌ ఈ కృషిలో ప్రముఖ పాత్ర వహించింది.

పల్లె ప్రమాణంగా మారిన తీరు

ఈ పద్ధతులతో కూడిన భారతీయ ప్రతిపాదన ‘5జీఐ’ పేరుతో అంతర్జాతీయ వేదికకు చేరింది. దేశంలో టెలికాం ప్రమాణాలను రూపొందించే టీఎస్‌డీఎస్‌ఐ సంస్థ దీనిని సమర్పించింది. 2021 ఫిబ్రవరిలో ఐటీయూ ప్రకటించిన 5జీ సాంకేతికతల జాబితాలో దీనికి చోటు దక్కింది.

ఆ విజయం వెంట ఒక చిక్కు కూడా వచ్చింది. ప్రపంచమంతా వాడే 5జీ ప్రమాణాలను 3జీపీపీ అనే అంతర్జాతీయ కూటమి రూపొందిస్తుంది. భారత్‌కు విడిగా ఒక ప్రమాణం ఉంటే ఫోన్లు, పరికరాలు ప్రత్యేకంగా తయారుచేయాలని, ధరలు పెరుగుతాయని సేవాసంస్థలు ఆందోళన వ్యక్తం చేశాయి. చివరకు భారతీయ ప్రతిపాదనలోని అంశాలను 3జీపీపీ 17వ విడుదలలో విలీనం చేసేందుకు అంగీకారం కుదిరింది. విడిగా నిలవడం కంటే అందరి ప్రమాణంలో కలవడమే మేలన్న పాఠం ఇందులో ఉంది. అంతకు మించిన పాఠం మరొకటి ఉంది. పరీక్షపత్రంలో 6,000 మీటర్ల ప్రశ్న ఒకసారి చేరిన తరువాత, దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత పోటీలో ఉన్న ప్రతి సాంకేతికత మీదా పడింది.

ప్రశ్న అడిగినవారు లేకపోతే ఆ సంఖ్య 1,732 వద్దే ఆగిపోయేది. అందుకయ్యే మూల్యం ఊహాజనితం కాదు. సిగ్నల్‌ లేని 24,680 గ్రామాలకు 4జీ సేవలు అందించే ప్రాజెక్టును కేంద్ర మంత్రివర్గం 2022 జులైలో ఆమోదించింది. మొత్తం వ్యయ అంచనా 26,316 కోట్ల రూపాయలు. నగరాల్లో 5జీ సేవల ప్రారంభానికి సన్నాహాలు సాగుతున్న సమయమది. అదే ఏడాది అక్టోబరు 1న 5జీ సేవలు ప్రారంభమయ్యాయి. ఒకవైపు కొత్త తరం వస్తుండగా, మరోవైపు వేలాది గ్రామాలు పాత తరం కోసం ఎదురుచూస్తున్నాయి. మన్యంలోనైనా, బస్తర్‌లోనైనా, ఈశాన్య రాష్ట్రాల కొండల్లోనైనా సిగ్నల్‌ కోసం గుట్ట ఎక్కి ఫోను పైకెత్తి పట్టుకునే విద్యార్థి సమస్య, సెమినార్‌ హాలులో తెరమీద కనిపించే సూత్రం సమస్య ఒకటే.

మనవారి ముద్ర

వైర్‌లెస్‌ రంగంలో భారతీయుల కృషి కొత్తది కాదు. కోల్‌కతా ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడు జగదీశ్‌ చంద్రబోస్‌ 1895లో బహిరంగ ప్రదర్శన నిర్వహించారు. విద్యుదయస్కాంత తరంగాలను గోడల గుండా పంపి దూరంగా ఉన్న గంటను మోగించారు, మందుగుండును పేల్చారు. ఆయన ప్రయోగాల్లో వాడిన తరంగాల పొడవు కొన్ని మిల్లీమీటర్ల వరకు తగ్గింది. నేటి 5జీలో మిల్లీమీటరు తరంగాలుగా వ్యవహరించే శ్రేణి అదే.

ఒకే స్పెక్ట్రమ్‌లో అనేక యాంటెనాలతో ఏకకాలంలో వేర్వేరు సమాచార ప్రవాహాలను పంపే ‘మైమో’ సాంకేతికతకు మార్గం వేసినవారిలో ఆరోగ్యస్వామి పౌల్‌రాజ్‌ అగ్రగణ్యుడు. భారత నౌకాదళంలో సోనార్‌ పరిశోధనలు చేసిన ఆయన తరువాత స్టాన్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. పుణెలో జన్మించిన థామస్‌ కైలాత్‌తో కలిసి 1992లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. 2014లో మార్కోనీ పురస్కారం అందుకున్నారు. నేటి వైఫై రూటర్లు, 4జీ, 5జీ టవర్లు ఈ సూత్రం ఆధారంగానే పనిచేస్తున్నాయి. గోడలకు, భవనాలకు తగిలి చెదిరి వచ్చే తరంగాలను అంతవరకు ఇబ్బందిగా భావించేవారు. వాటినే వేర్వేరు దారులుగా వాడుకోవచ్చని చూపడం ఈ ఆవిష్కరణలోని కీలకం.

విద్యార్థికి తెరుచుకున్న ద్వారాలు

ప్రయోగ వసతులు ఇప్పుడు గతంలో కంటే మెరుగుపడ్డాయి. ఐఐటీ మద్రాస్‌ నేతృత్వంలో ఐఐటీ హైదరాబాద్‌ సహా ఎనిమిది సంస్థలు కలిసి అభివృద్ధి చేసిన స్వదేశీ 5జీ టెస్ట్‌బెడ్‌ 2022 మే 17న ప్రారంభమైంది. 2023 అక్టోబరు 27న దేశవ్యాప్తంగా విద్యాసంస్థలకు 100 ‘5జీ యూజ్‌ కేస్‌’ ప్రయోగశాలలను ప్రధానమంత్రి ప్రకటించారు. భారత్‌ 6జీ దార్శనిక పత్రం అదే ఏడాది మార్చి 22న విడుదలైంది. 6జీకి సంబంధించి ఐటీయూ 2023లో ఆమోదించిన చట్రంలో ఆరు వినియోగ రూపాలు ఉన్నాయి. సిగ్నల్‌ అందని ప్రాంతాలను చేరుకునే సార్వత్రిక అనుసంధానం వాటిలో ఒకటి. 5జీ జాబితాలో దానికి విడిగా స్థానం లేదు.

ప్రయోగశాల లేని కళాశాలలోనూ చేయగల పని ఉంది. 3జీపీపీ సాంకేతిక పత్రాలు, సభ్య సంస్థలు సమర్పించే ప్రతిపాదనలు ఇంటర్నెట్‌లో ఉచితంగా లభిస్తాయి. ఒక ప్రతిపాదనను ఎవరు తెచ్చారో, ఎవరు ఎందుకు వ్యతిరేకించారో విద్యార్థి స్వయంగా చదవవచ్చు. ఆ కూటమిలోని ఏడు భాగస్వామ్య సంస్థల్లో టీఎస్‌డీఎస్‌ఐ ఒకటి.

అంతకంటే సులువైనది క్షేత్ర పరిశీలన. ఫోనులో సిగ్నల్‌ బలాన్ని డీబీఎంలలో చూపే ఉచిత యాప్‌లు ఉన్నాయి. టవర్‌ దగ్గర మైనస్‌ 80గా కనిపించిన విలువ ఊరి చివర మైనస్‌ 110కి పడిపోతే శక్తి వెయ్యో వంతుకు తగ్గిందని అర్థం. హాస్టల్‌ నుంచి సొంత ఊరికి వెళ్లే విద్యార్థులు ఒక్కొక్కరు తమ గ్రామంలో పది చోట్ల ఈ విలువలు నమోదు చేస్తే ఆ తరగతికి తమ జిల్లా సిగ్నల్‌ పటం సిద్ధమవుతుంది. తరగతిలో నేర్చుకున్న నాలుగో ఘాత నియమం తమ ఊరి చెరువు గట్టు మీద ఎంతవరకు వర్తిస్తుందో, చింతతోపు దాటాక ఎక్కడ తప్పుతుందో అప్పుడు తెలుస్తుంది.

ఆ పటం చేతిలో ఉన్న విద్యార్థి నిపుణుడి ప్రసంగానికి శ్రోతగా మాత్రమే వెళ్లడు. ఈ కొత్త సాంకేతికతను ఏ నమూనా పరిసరంలో పరీక్షించారు? టవర్ల మధ్య దూరం ఎంతగా తీసుకున్నారు? చెప్పిన వేగం టవర్‌ దగ్గరిదా, సెల్‌ అంచున ఉన్నవారిదా? ఫోను నుంచి టవర్‌కు వెళ్లే దారిలో వేగం ఎంత? ఈ నాలుగు ప్రశ్నలు అడగగలిగితే ప్రసంగం తీరే మారుతుంది. తెరమీది చిత్రాలు పక్కకు జరిగి, నల్లబల్ల మీద లెక్క మొదలవుతుంది.

6జీ సేవలకు ప్రపంచ దేశాలు 2030ను లక్ష్యంగా పెట్టుకున్నాయి. నేడు బీటెక్‌ తరగతుల్లో కూర్చున్నవారే అప్పటికి పరికరాలను రూపొందించే ఇంజినీర్లుగా, ప్రమాణాల సమావేశాల్లో ప్రతినిధులుగా ఉంటారు. తరువాతి పరీక్షపత్రంలో ఏ సంఖ్యలు ఉండాలో నిర్ణయించే చర్చలు ఇప్పటికే సాగుతున్నాయి. 1,732ను ప్రశ్నించి పక్కన 6,000ను చేర్చినవారు కూడా ఒకప్పుడు ఇటువంటి హాళ్లలోనే కూర్చుని ఇవే సూత్రాలను నేర్చుకున్నారు.